ఒకే పేర్ల పట్టిక – అనేక కార్యాలయాలు

ఒక వ్యాపారసంస్థకు అయిదు నగరాలలో కార్యాలయాలు ఉన్నవనుకొందాం. ప్రతి కార్యాలయంలో వందలకొద్దీ కంప్యూటర్లు, వాటిముందు కూర్చొని పనిచేసే ఉద్యోగులు ఉంటారు. ఉద్యోగి ఉదయం వచ్చి తన పేరు, పాస్‌వర్డు టైపు చేస్తాడు. ఆ మనిషి నిజంగా ఆ సంస్థలోనివాడేనా, ఏ కాగితాలు చూడటానికి అతనికి అధికారమున్నది అన్న సంగతిని కంప్యూటరు క్షణంలో తేల్చుకొని తలుపు తెరుస్తుంది. మరునాడు అదే ఉద్యోగి పనిమీద వేరొక నగరానికి వెళ్లి, అక్కడి కంప్యూటరు ముందు అదే పేరు, అదే పాస్‌వర్డు ఇస్తే అక్కడా తలుపు తెరుచుకొంటుంది. ఇట్లా ఒకే పేర్ల పట్టిక మాట చెల్లుబడి అయ్యే కంప్యూటర్ల సముదాయాన్ని ‘డొమెయిన్’ అంటారు. ఒక రాజు ఆజ్ఞ చెల్లే మేరను అతని రాజ్యం అన్నట్లే, ఒక పట్టిక మాట చెల్లే మేర ఒక డొమెయిన్.

ఈ పట్టికను ఎక్కడ ఉంచవలెనన్నదే చిక్కు. ప్రధాన కార్యాలయంలో ఒక్కచోటనే ఉంచితే, మధ్యనున్న టెలిఫోను తీగె తెగిననాడు దూరపు కార్యాలయాలలోని ఉద్యోగులందరూ చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. ఏ కార్యాలయానికి ఆ కార్యాలయం వేరువేరు పట్టికలు పెట్టుకొంటే ఒకే మనిషికి అయిదు పేర్లు, అయిదు పాస్‌వర్డులు ఏర్పడతాయి. ఉద్యోగంనుండి తొలగించిన మనిషి పేరును నాలుగుచోట్ల కొట్టివేసి అయిదవచోట మరచిపోతే, అతడు ఆ అయిదవ తలుపు గుండా నిర్భయంగా లోపలికి రావచ్చు. ఈ రెండూ కాని మూడవ మార్గం, పట్టిక ఒక్కటే అయినా దాని ప్రతిని కార్యాలయానికొకటి చొప్పున ఉంచటం. ఇందులో ఏ తీగె తెగినా పని ఆగదు. కాని ప్రతులన్నీ ఒకే మాట చెప్పేట్లు చూడటం ఎట్లా? వాటిలో ఏ ప్రతిలో వ్రాయటానికి ఎవరికి అధికారం ఉండవలె? శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు వెదకిన చరిత్రే ఈ వ్యాసవిషయం.

ఒక్క యంత్రం, ఒక్క పట్టిక

కంప్యూటరుకు పాస్‌వర్డు చెప్పే ఆచారం అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, అంటే ఎమ్.ఐ.టి.లో, 1960 దశకం ఆరంభంలో వాడుకలోనికి వచ్చింది. ఫెర్నాండో కోర్బాటో నాయకత్వంలో అక్కడ ‘సి.టి.ఎస్.ఎస్.’ అనే పద్ధతిని నిర్మించి 1961లో ప్రదర్శించినారు. ఒకే పెద్ద కంప్యూటరును అనేకులు ఏకకాలంలో పంచుకొని వాడుకొనటం దాని విశేషం. అనేకులు పంచుకొంటున్నారు కనుక ఎవరి కాగితాలు వారికే దక్కేట్లు పేర్లు, పాస్‌వర్డులు అవసరమైనవి.

పట్టిక ఉన్నది ఒకే యంత్రంలో. అయినా చిక్కులు తప్పలేదు. 1960 దశకం మధ్యలో ఒకనాడు ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో రెండు వేరు పత్రాలను దిద్దుతున్నారు. ఒకటి వినియోగదారులందరికి ఆనాటి సూచనలు తెలిపే పత్రం; రెండవది పాస్‌వర్డుల పట్టిక. దిద్దుబాటుకు ఉపయోగించే ప్రోగ్రాం ఆ రెండింటికీ తాత్కాలికంగా ఒకే పేరు వాడటంవల్ల అవి తారుమారైనవి. యంత్రాన్ని తెరచిన ప్రతివారి ఎదుట, ఆనాటి సూచనలకు బదులు అందరి పాస్‌వర్డులూ ప్రత్యక్షమైనవి! ఒకే యంత్రంలో ఇద్దరు ఒకేసారి వ్రాస్తేనే ఇంత ప్రమాదం జరిగినప్పుడు, వందల మైళ్ల దూరంలోనున్న రెండు యంత్రాలలో ఇద్దరు ఒకేసారి వ్రాస్తే ఏమి కావలె? ఆ ప్రశ్న ఎదురుకావటానికి ఎక్కువకాలం పట్టలేదు.

ఒకరు వ్రాయటం, అందరూ ఎత్తివ్రాసుకొనటం

1969లో అమెరికా రక్షణశాఖ పరిశోధనసంస్థ పోషణలో ‘ఆర్పానెట్’ అనే కంప్యూటర్ల వల ఏర్పడింది. ఆ ఏడాది చివరకు అందులో నాలుగు స్థలాలు కలిసినవి. తరువాత ఏటేటా కొత్త స్థలాలు చేరినవి. వలలోని ప్రతి కంప్యూటరుకు ఒక సంఖ్యారూపమైన చిరునామా, మనుషులు గుర్తుపెట్టుకొనటానికి ఒక పేరు ఉండేవి. ఏ పేరుకు ఏ సంఖ్యో తెలిపే పట్టికను కాలిఫోర్నియాలోని మెన్లోపార్కు పట్టణంలో, స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థకు చెందిన సమాచారకేంద్రం నిర్వహించేది. దానికి ఎలిజబెత్ ఫైన్లర్ ఆధిపత్యం వహించింది. కొత్త కంప్యూటరును చేర్చదలచినవారు ఆ కేంద్రానికి తెలియజేయవలె; కేంద్రంవారు పట్టికలో వ్రాస్తారు; మిగిలిన స్థలాలవారు అప్పుడప్పుడు ఆ పట్టికను వలగుండా తెప్పించుకొని తమ యంత్రాలలో ఎత్తివ్రాసుకొంటారు.

ఈ ఏర్పాటు చిన్న వలకు సరిపోయింది. వల పెరిగేకొద్దీ దాని లోపాలు బయటపడినవి. కంప్యూటర్ల సంఖ్య రెట్టింపయితే పట్టిక పొడవు రెట్టింపవుతుంది. దాన్ని తెప్పించుకొనేవారి సంఖ్యా రెట్టింపవుతుంది. కనుక పట్టికను పంచటానికి వలమీద పడే భారం నాలుగురెట్లవుతుంది. సంఖ్య పదిరెట్లయితే భారం నూరురెట్లు. సంఖ్యయొక్క వర్గానికి అనుగుణంగా భారం పెరుగుతుందన్నమాట. పైగా కొన్ని స్థలాలలో పాత ప్రతులే నిలిచిపోయేవి. ఒక ఊరిలో తెలిసిన కంప్యూటరు మరొక ఊరిలో తెలియనిదయ్యేది.

దీనికి విరుగుడును దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచారశాస్త్రాల సంస్థలోని పాల్ మొకపెట్రిస్ 1983 నవంబరులో ప్రకటించినాడు. అదే ‘డొమెయిన్ నేమ్ సిస్టమ్’, అనగా డి.ఎన్.ఎస్. పేర్ల పట్టికనంతటినీ ఒకచోట ఉంచక, చెట్టుకొమ్మలవలె విభజించి, ఏ కొమ్మ బాధ్యతను ఆ కొమ్మవారికే అప్పగించటం ఇందులోని కీలకం. ఒక విశ్వవిద్యాలయం తన కంప్యూటర్ల పేర్లను తానే వ్రాసుకొంటుంది. అందుకు మెన్లోపార్కువారి అనుమతి అక్కరలేదు. ప్రతి కొమ్మకు ఒక మూలప్రతి, దాన్ని చూసి వ్రాసుకొన్న అనుప్రతులు ఉంటాయి. మూలప్రతి మారినప్పుడల్లా దాని వరుససంఖ్య పెరుగుతుంది. అనుప్రతి నిర్ణీతకాలానికొకసారి ఆ సంఖ్యను అడిగి, తన సంఖ్యకంటె పెద్దదైతే కొత్తదాన్ని తెప్పించుకొంటుంది. ఇంటర్నెట్టు ఇప్పటికీ ఈ పద్ధతిమీదనే నడుస్తున్నది.

అయితే డి.ఎన్.ఎస్. యంత్రాల పేర్లకు ఏర్పడినది. ఒక యంత్రం చిరునామా అరుదుగా మారుతుంది. దాన్ని దిద్దే మనుషులు కొద్దిమంది. ఉద్యోగుల పట్టిక అట్లాంటిది కాదు. రోజూ ఎవరో చేరుతారు, ఎవరో మానుతారు, ఎవరో పాస్‌వర్డు మార్చుకొంటారు; అది కూడా అన్ని ఊళ్లలోనూ.

ఎక్కడైనా వ్రాయవచ్చునన్న సాహసం

ఈ రెండవ సమస్యను జిరాక్స్ కంపెనీ పరిశోధకులు అంతకుముందే చేపట్టినారు. కాగితాల నకళ్లు తీసే యంత్రాలతో పేరుపొందిన ఆ కంపెనీకి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక పరిశోధనాకేంద్రం ఉండేది. ఆండ్రూ బిరెల్, రాయ్ లెవిన్, రోజర్ నీధామ్, మైకేల్ ష్రోడర్ అనే నలుగురు అక్కడ నిర్మించిన ‘గ్రేప్‌వైన్’ అనే ఏర్పాటును 1982లో ఒక పరిశోధనావ్యాసంలో వివరించినారు. ఆ మాటకు ద్రాక్షతీగె అని అర్థం. చెవినుండి చెవికి పాకే కబురుకు కూడా ఇంగ్లీషువారు ఆ మాట వాడతారు. ఉద్యోగులకు ఉత్తరాలు చేరవేయటం, వారి పాస్‌వర్డులు సరిచూడటం ఈ రెండు పనులనూ గ్రేప్‌వైన్ చేసేది.

గ్రేప్‌వైన్‌లో ప్రతి మనిషి పేరుకు రెండు భాగాలు: మొదటిది అతని పేరు, రెండవది అతడు చెందిన రిజిస్టరు. రిజిస్టర్లలో కొన్ని ఊళ్లనుబట్టి ఏర్పడినవి. పాలో ఆల్టోకు ఒకటి, న్యూయార్కు రాష్ట్రంలోని వెబ్‌స్టరుకు ఒకటి. ప్రతి రిజిస్టరును ఒకటికి మించిన సర్వర్లలో ఉంచేవారు. సర్వరు అంటే ఇతర కంప్యూటర్లు అడిగినదానికి బదులిచ్చే కంప్యూటరు. ఏ రిజిస్టరు ఏయే సర్వర్లలో ఉన్నదో తెలిపే మరొక రిజిస్టరు అన్ని సర్వర్లలోను ఉండేది.

అసలు విశేషం వ్రాతలో ఉన్నది. ఇందులో మూలప్రతి, అనుప్రతి అన్న భేదం లేదు. రిజిస్టరును ధరించిన ఏ సర్వరులోనైనా మార్పు వ్రాయవచ్చు. వ్రాసిన సర్వరు ఆ మార్పును, దాని సమయాన్ని గుర్తించి, మిగిలిన సర్వర్లకు ఉత్తరం ద్వారా తెలుపుతుంది. ఆ ఉత్తరం గ్రేప్‌వైన్ మోసే మామూలు ఉత్తరాలతో కలిసే పోతుంది. అవతలి సర్వరు పనిచేయకుండా ఉంటే ఉత్తరం వేచి ఉండి, అది లేచిన తరువాత చేరుతుంది. ఈ లోపల కొంతసేపు రెండు ప్రతులు రెండు మాటలు చెప్పవచ్చు. నిర్మాతలు ఇది తెలిసే ఒప్పుకొన్నారు. ప్రతులన్నీ ఎల్లప్పుడూ క్షణం తేడాలేకుండా ఏకీభవించవలెనంటే, ఒక్క సర్వరు చెడినా, ఒక్క తీగె తెగినా, వ్రాతపని ఆపవలసివస్తుంది. కొద్దిసేపటి భేదాన్ని సహిస్తే పని ఎన్నడూ ఆగదు. అనేక కార్యాలయాలలో ఒకే డొమెయిన్ నెలకొల్పే ప్రతివారూ ఈనాటికీ చేస్తున్న బేరం ఇదే.

అంటువ్యాధి నేర్పిన ఉపాయం

జిరాక్స్ కంపెనీయే గ్రేప్‌వైన్ తరువాత ‘క్లియరింగ్‌హౌస్’ అనే ఏర్పాటును వాడుకలోనికి తెచ్చింది. ఇందులో పేర్లకు మూడు భాగాలు: మనిషి పేరు, డొమెయిన్, సంస్థ. కంపెనీ వల అప్పటికి చాలా పెరిగింది. జపానులోని ఒక యంత్రంనుండి ఐరోపాలోని మరొకదానికి పోయే సమాచారం 7 టెలిఫోను తీగెలను, 14 కూడలి యంత్రాలను దాటవలసి వచ్చేది. కొన్ని డొమెయిన్ల ప్రతులు వందలాది సర్వర్లలో ఉండేవి.

1986 ఆరంభంలో ఈ వల నత్తనడక నడవసాగింది. కారణం వెదకగా, ప్రతులను ఏకీభవింపజేయటానికి సాగే ఉత్తరప్రత్యుత్తరాలే వలను ముంచివేస్తున్నవని తేలింది. ప్రతి సర్వరు రాత్రిపూట వేరొక సర్వరుతో తన ప్రతిని పోల్చుకొనేది. తేడా కనిపిస్తే, సరియైన మాటను ఆ డొమెయిన్ ధరించిన సర్వర్లన్నిటికీ ఉత్తరం వేసేది. ఒక డొమెయిన్ 300 సర్వర్లలో ఉన్నదనుకొందాం. ఒక్కొక్కటీ 300 ఉత్తరాల చొప్పున వేస్తే ఒక్క రాత్రిలో 90,000 ఉత్తరాలు! మెన్లోపార్కు పట్టికకు పట్టిన వర్గసంఖ్యాదోషమే ఇక్కడ మరొక రూపంలో తలయెత్తింది.

ఆలన్ డెమర్స్, ఆయన సహచరులు 1987లో ప్రకటించిన వ్యాసంలో దీనికి ఉపాయం చెప్పినారు. వారు గణితాన్ని వైద్యశాస్త్రంనుండి అరువు తెచ్చుకొన్నారు. అంటువ్యాధి వ్యాపించే తీరును లెక్కగట్టే సూత్రాలు అంతకుముందే ఉన్నవి. ఒక వార్తను వ్యాధివలె వ్యాపింపజేస్తే ఎట్లా ఉంటుంది? వార్త తెలిసిన సర్వరు అందరికీ ఉత్తరాలు వేయనక్కరలేదు. ఏదో ఒక సర్వరును యాదృచ్ఛికంగా ఎన్నుకొని దానికి చెబితే చాలు. తరువాతి ఆవృత్తిలో ఆ రెండూ చెరొకరికి చెబుతాయి. 1, 2, 4, 8 ఇట్లా పెరిగి, కలిసివస్తే ఎనిమిది ఆవృత్తులలో 256కు చేరవచ్చు. విన్నవారికే మళ్లీ చెప్పటం కూడా జరుగుతుంది కనుక, 300 సర్వర్లకు వార్త పూర్తిగా పాకటానికి సుమారు 14 ఆవృత్తులు పడతాయని సిద్ధాంతం చెబుతుంది. సర్వర్ల సంఖ్య రెట్టింపయినా అదనంగా పట్టేవి ఒకటి రెండు ఆవృత్తులే. వర్గసంఖ్యగా పెరిగే భారం లాగరిథంగా పెరిగే కాలవ్యవధిగా మారింది.

దూరాన్ని కూడా వారు లెక్కలోనికి తీసుకొన్నారు. సర్వర్లు యాదృచ్ఛికంగా మాట్లాడుకొంటే, అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి ఇంగ్లండులోని బుషీ పట్టణానికి పోయే తీగెలమీద భారం విపరీతంగా పడింది. అందుచేత ఇరుగుపొరుగుతో తరచుగా, దూరస్థులతో అరుదుగా మాట్లాడవలెనన్న నియమం పెట్టినారు. ఊరిలో కబురు ఇంటినుండి ఇంటికి పాకి, పొరుగూరికి ఎవరో ఒకరి ద్వారా చేరితే చాలును కదా! సముద్రపు తీగెమీద భారం ఎన్నోరెట్లు తగ్గింది.

కొట్టివేతలోని కష్టం

ఆ వ్యాసంలోనే మరొక విషయం ఉన్నది. పేరును చేర్చటంకంటె తీసివేయటం కష్టం. ఒక సర్వరులో ఒక ఉద్యోగి పేరు తీసివేసినారనుకొందాం. ఇక ఆ ప్రతిలో అతని పేరు లేదు. రాత్రి అది పొరుగు సర్వరుతో పోల్చుకొంటుంది. పొరుగుదానిలో పేరు ఉన్నది, దీనిలో లేదు. ఇది కొత్తగా చేరిన మనిషా, పోయిన మనిషా అన్నది యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? లేనిదానికి కాలముద్ర ఉండదు. కనుక ‘నాకీ పేరు ఇంకా అందలేదు కాబోలు’ అనుకొని మొదటి సర్వరు దాన్ని మళ్లీ వ్రాసుకొంటుంది. తొలగించిన మనిషి తెల్లవారేసరికి తిరిగి ఉద్యోగి అవుతాడు.

దీనికి పరిష్కారంగా, పేరు తీసివేసినచోట ఒక ‘మరణధ్రువపత్రం’ ఉంచవలెనని నిర్ణయించినారు. ‘ఈ పేరు ఈ సమయాన తొలగిపోయింది’ అని అది చెబుతుంది. పాత ప్రతి ఎదురైనప్పుడు కాలముద్రలు పోల్చి, పేరుకంటె ధ్రువపత్రం కొత్తదైతే పేరునే కొట్టివేస్తుంది. ఈ పత్రాలను శాశ్వతంగా ఉంచితే స్థలం నిండిపోతుంది. తొందరపడి పారవేస్తే, ఎక్కడో చాలాకాలంగా పనిచేయక మూలబడిన సర్వరు ఒకనాడు లేచి చచ్చిన పేర్లన్నిటినీ బ్రతికిస్తుంది. అందువల్ల కొంతకాలానికి పత్రాలను చాలాచోట్ల తీసివేసి, కొన్ని సర్వర్లలో మాత్రం నిద్రాణంగా దాచి, పాత పేరు కనిపించినప్పుడు మేల్కొలిపే పద్ధతిని ప్రతిపాదించినారు.

మనిషిని గుర్తుపట్టటం

పట్టికలు ఏకీభవించినంతమాత్రాన పని తీరదు. ఉద్యోగి ఇచ్చే పాస్‌వర్డు ఊళ్లు దాటి పోతుంటే దారిలో ఎవరైనా పొంచి వినవచ్చు. గ్రేప్‌వైన్ నిర్మాతలలోని నీధామ్, ష్రోడర్‌లే 1978లో దీనికొక మార్గం చూపినారు. ఉభయులకు నమ్మకమైన మూడవ యంత్రం ఒకటి ఉండి, రహస్యలిపిలో రెండువైపులా తాళపుచెవులు అందిస్తుంది. పాస్‌వర్డు మాత్రం వలలో ప్రయాణం చేయదు. అయితే పాత సందేశాన్ని దొంగిలించి దాచుకొన్నవాడు తరువాత దాన్నే మళ్లీ చూపి మోసగించవచ్చునని డొరొతి డెన్నింగ్, జొవాన్ని సాకో 1981లో కనిపెట్టి, సందేశాలలో సమయాన్ని కూడా వ్రాయవలెనని సూచించినారు.

ఎమ్.ఐ.టి.లో 1983లో ఆరంభమైన ‘ఎథీనా’ ప్రణాళికలో ఈ రెండు భావాలను చేర్చి ‘కెర్బరాస్’ అనే పద్ధతిని నిర్మించినారు. గ్రీకు పురాణాలలో పాతాళద్వారాన్ని కాచే మూడుతలల కుక్క పేరు అది. 1988లో దీన్ని లోకానికి వివరించినారు. కెర్బరాస్ ఇచ్చే అనుమతిపత్రాన్ని ‘టికెట్టు’ అంటారు. రైలుటికెట్టుమీద తేదీ ఉన్నట్లే దానిమీద కాలపరిమితి ఉంటుంది. అందువల్ల అన్ని కార్యాలయాల గడియారాలూ ఇంచుమించు ఒకే సమయం చూపవలసి ఉంటుంది. సాధారణంగా అయిదు నిమిషాల తేడాను మాత్రమే సహిస్తారు. ఒక శాఖలో గడియారం అంతకుమించి తప్పితే పాస్‌వర్డు సరియైనదైనా తలుపు తెరుచుకొనదు.

ఒకే యజమాని, అనేక అనుచరులు

పరిశోధనాకేంద్రాలలో పుట్టిన ఈ భావాలు మామూలు కార్యాలయాలకు చేరటానికి దాదాపు ఇరవై ఏండ్లు పట్టింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ 1993లో విడుదల చేసిన ‘విండోస్ ఎన్.టి.’లో డొమెయిన్ అనే మాట కార్యాలయాల నిత్యవ్యవహారంలోనికి వచ్చింది. కాని దాని పద్ధతి గ్రేప్‌వైన్‌ది కాదు, మెన్లోపార్కుకే దగ్గర. ప్రతి డొమెయిన్‌కు ఒక ప్రధాన కంట్రోలరు ఉంటుంది. దానిలో మాత్రమే వ్రాయవచ్చు. తక్కిన శాఖలలో సహాయ కంట్రోలర్లు ఉండి, ప్రతిని ఉంచుకొని ఉద్యోగులను గుర్తుపడతాయి. తీగె తెగితే శాఖలోనివారు లోపలికి ప్రవేశించగలరు. కాని కొత్త ఉద్యోగిని చేర్చుకొనటం, పాస్‌వర్డు మార్చటం సాధ్యం కాదు.

పట్టిక మొత్తం సుమారు 40 మెగాబైట్లకు మించరాదన్న సలహా కూడా ఉండేది. కనుక పెద్ద సంస్థలు అనేక డొమెయిన్లు పెట్టుకొని, వాటిమధ్య ‘విశ్వాసం’ అనే ఒడంబడికలు కుదుర్చుకొనేవి. నేను నిన్ను నమ్మినంతమాత్రాన నీవు నన్ను నమ్మినట్లు కాదు కనుక ఒడంబడిక ఏకముఖమే. పది డొమెయిన్లు పరస్పరం నమ్ముకొనవలెనంటే 10 × 9 = 90 ఒడంబడికలు కావలె. ఇక్కడా వర్గసంఖ్యే! అదే 1993లో నోవెల్ కంపెనీ తన ‘నెట్‌వేర్ 4’తో, ఒకటికి మించిన ప్రతులలో వ్రాయటానికి వీలయ్యే డైరెక్టరీని వ్యాపారసంస్థలకు అందించింది. దారి ఏవైపున్నదో దానివల్ల స్పష్టమైంది.

సైట్లు ఏర్పడటం

2000 ఫిబ్రవరిలో వెలువడిన ‘విండోస్ 2000’తోపాటు ‘యాక్టివ్ డైరెక్టరీ’ వచ్చింది. ఇందులో పాత పాయలన్నీ కలిసినవి. పేర్లు డి.ఎన్.ఎస్.వి; గుర్తుపట్టే పద్ధతి కెర్బరాస్‌ది; ఎక్కడైనా వ్రాయవచ్చునన్న నియమం గ్రేప్‌వైన్ చూపిన దారిలోనిది; ఇరుగుపొరుగుకు ఒక రీతి, దూరానికి ఒక రీతి అన్న నీతి క్లియరింగ్‌హౌస్ నేర్పినది.

నిర్వాహకుడు మొదట కార్యాలయాలను ‘సైట్లు’గా విభజిస్తాడు. వేగమైన తీగెలతో కలిసి ఉన్న కంప్యూటర్ల సమూహం ఒక సైటు. ఏ చిరునామాసంఖ్యలు ఏ సైటుకు చెందినవో పట్టికలో వ్రాస్తాడు. దానినిబట్టి ఉద్యోగి కంప్యూటరు తనకు దగ్గరలోనున్న కంట్రోలరును వెదకుకొంటుంది. ఈ వ్రాత తప్పితే పక్కగదిలోని కంట్రోలరును వదలి సముద్రం అవతలిదానిని అడగవలసివస్తుంది. సైట్లమధ్య లంకెలకు ఒక్కొక్కదానికి ‘ఖరీదు’ అనే అంకె ఇస్తాడు. ఖరీదు తక్కువైన దారిలో మార్పులు పోతాయి. సైటులోపల మార్పులు కొద్ది సెకన్లలోగాని నిమిషాలలోగాని పాకుతాయి. సైటుకు సైటుకు మధ్య, నిర్వాహకుడు వేరే చెప్పనిచో, 180 నిమిషాలకొకసారి మూటగట్టి కుదించి పంపుతారు.

ఇద్దరు ఒకే అంశాన్ని రెండుచోట్ల మార్చితే ఎవరి మాట నెగ్గుతుంది? ప్రతి అంశానికి అది ఎన్నిసార్లు మారిందో తెలిపే సంఖ్య ఉంటుంది. ఎక్కువసార్లు మారినది నెగ్గుతుంది. ఆ సంఖ్యలు సమానమైతేనే గడియారాన్ని చూస్తారు. గడియారం తప్పుగా నడిచే సర్వరు అందరినీ మోసపుచ్చకుండా ఉండటానికి ఈ జాగ్రత్త.

కొంతసేపటి భేదాన్ని కూడా సహించరాని పనులు కొన్ని ఉన్నవి. ప్రతి ఖాతాకు ఇచ్చే గుర్తుసంఖ్య రెండుచోట్ల ఒకటే కారాదు. అందుకని ఒక సర్వరు సంఖ్యలను 500 చొప్పున కట్టలుగా పంచుతుంది. తమ కట్టలోనివి తాము వాడుకొంటే తగాదా ఉండదు. ఇట్లాంటి అయిదు బాధ్యతలను మాత్రం ఒక్కొక్క సర్వరుకే అప్పగించినారు. పాస్‌వర్డు మారినప్పుడు ఆ వార్త 180 నిమిషాలు ఆగకుండా వీటిలోని ఒక సర్వరుకు వెంటనే పోతుంది. శాఖలోని కంట్రోలరుకు పాస్‌వర్డు తప్పుగా తోస్తే, తిరస్కరించేముందు ఆ సర్వరును ఒకసారి అడుగుతుంది.

మరణధ్రువపత్రం ఇక్కడ ‘టూంబ్‌స్టోన్’, అనగా సమాధిఫలకం, అన్న పేరుతో వెలసింది. మొదట దీని ఆయుర్దాయం 60 రోజులు. 2005లో దాన్ని కొత్త డొమెయిన్లకు 180 రోజులకు పెంచినారు. అంతకుమించిన కాలం వలకు దూరమైన సర్వరును మళ్లీ కలుపరాదు. దానిలో చచ్చిన పేర్లు బ్రతికే ఉంటాయి. వాటిని కాదనటానికి ఫలకాలు మిగిలి ఉండవు.

ప్రతి శాఖలో పట్టిక ప్రతి ఉండటంలో ఇంకొక ప్రమాదం ఉన్నది. కాపలాలేని చిన్న శాఖనుండి దొంగ సర్వరునే ఎత్తుకొనిపోతే సంస్థలోని వారందరి రహస్యాలూ అతనికి చిక్కినట్లే. 2008లో దీనికి చదువుటకు మాత్రమే పనికివచ్చే కంట్రోలరును ప్రవేశపెట్టినారు. దానిలో ఎవరూ వ్రాయలేరు. నిర్వాహకుడు అనుమతించిన వారి పాస్‌వర్డులు మాత్రమే దానిలో నిలుస్తాయి. అందరూ వ్రాయవచ్చునన్న సాహసంనుండి ఒక అడుగు వెనుకకు వేయటం వివేకమని అనుభవం చెప్పింది.

నేటి స్థితి

ఇటీవలికాలంలో అనేక సంస్థలు తమ పట్టికను సొంత సర్వర్లలో ఉంచుకొనటం మాని, ఇంటర్నెట్టు ద్వారా ఇతర కంపెనీలు నడిపే డైరెక్టరీలకు అప్పగిస్తున్నవి. మైక్రోసాఫ్ట్‌వారి అట్లాంటి ఏర్పాటుకు 2023లో ‘ఎంట్రా ఐడి’ అని పేరు మార్చినారు. అక్కడ కూడా పట్టికకు దూరదూరాలలో అనేక ప్రతులు ఉంటాయి. వాటిని ఏకీభవింపజేసే శ్రమ సంస్థనుండి ఆ కంపెనీకి మారింది, సమస్య మారలేదు.

తీగెలు వేయటం, సర్వర్లు కొనటం డబ్బుతో జరిగే పనులు. అనేక కార్యాలయాలను ఒకే డొమెయిన్‌గా కలపదలచినవారు ముందుగా తేల్చుకొనవలసినది వేరొకటి ఉన్నది: ఏ విషయంలో ప్రతులమధ్య కొన్ని గంటల భేదాన్ని సహించవచ్చు, ఏ విషయంలో ఒక్క క్షణం కూడా సహించరాదు? ఉద్యోగి గదిసంఖ్య మారితే దూరపు శాఖకు మధ్యాహ్నానికి తెలిసినా నష్టం లేదు. తొలగించిన మనిషి పేరు మాత్రం ఆఖరి శాఖలో ఎన్ని నిమిషాలకు చెల్లకుండా పోతుందో నిర్వాహకుడు ముందే లెక్కకట్టి ఉండవలె. ఆ నిమిషాల సంఖ్య అతడు సైట్లమధ్య తన చేతితో వ్రాసిన కాలపట్టికలోనే ఉన్నది.